టేకల్‌లో దిగే అక్క, గులాబీ ఆకులు

అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలైంది. బెంగళూరులో పని ముగించుకుని స్టేషన్‌కు నడిచిపోయే దారిలో ఒక నర్సరీ ఉండేది. పదేళ్లుగా దాని ముందు నుంచే పోతున్నాను గానీ ఏనాడూ లోపలికి తొంగి చూడలేదు. ఆ శనివారం ఎందుకో ఆగాను. గేటు పక్కన బల్ల మీద ఒక మొక్క ఉంది. అరచేతంత ఆకులు. కింద రెండు ఆకులు ముదురు పచ్చ, పైన నాలుగు ఆకులు నిండు గులాబీ రంగు. పువ్వులేమో అనుకుని దగ్గరికి పోయి ముట్టుకున్నాను. ఆకులే.

పువ్వైతే రెండు రోజుల్లో రాలిపోతుంది, ఆకైతే ఇంట్లో ఉంటుంది కదా అనిపించింది. అంతకన్నా పెద్దగా ఆలోచించలేదు.

"దీనికి ఎండ వద్దు మేడం, పని వద్దు. మీరు ఊరికే చూస్తా ఉంటే చాలు" అన్నాడు నర్సరీ అతను.

ఊరికే చూస్తా ఉండడం నాకు వచ్చిన పనే. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. పగలంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టి రక్తకణాలు చూస్తాను. సాయంత్రం రైలెక్కి మారికుప్పంలో దిగి ఇంటికి పోతాను. మాది కేజీఎఫ్ గని లైన్ ఇల్లు, నాయన గనిలో పనిచేసే రోజుల్లో గని వాళ్లు ఇచ్చింది. రెండు గదులు, ముందు గదికి తూర్పు వైపు ఒక్క కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే సైనైడ్ దిబ్బ కనిపిస్తుంది. బంగారం తీసుకోగా మిగిలిన మన్ను, తరాలుగా పోసి పోసి గుట్ట అయిపోయింది. గని మూతపడింది, నాయన పోయాడు, దిబ్బ మాత్రం అట్లాగే ఉంది. నాకు పెళ్లి కాలేదు. వద్దనుకుని కాదు, ఏదో ఒక కారణంతో వాయిదా పడుతూ పడుతూ, ఒక వయసు దాటాక అడిగేవాళ్లే లేకుండా పోయారు. అమ్మా నేనూ ఉండేవాళ్లం. రోజూ నేను గడప దాటగానే అమ్మ "రైలు లేటా?" అనేది. లేటైనా అనేది, కాకపోయినా అనేది. అమ్మ పోయిన తర్వాత మొదటి కొన్ని వారాలు నేను గడప లోపల కాసేపు నిలబడిపోయేదాన్ని.

ఆ మొక్కను ఒళ్లో పెట్టుకుని రైల్లో ఆడవాళ్ల పెట్టెలో కూర్చున్నాను. ఎదురు సీట్లో ఒకావిడ కూర్చుని ఉంది. అరవైకి దగ్గర పడిన వయసు, నూనె పెట్టి గట్టిగా ముడేసిన జుట్టు, ఒళ్లో గుడ్డ సంచి. ఆమెను అంతకుముందు చాలాసార్లు చూశాను, పొద్దున టేకల్‌లో ఎక్కి సాయంత్రం అక్కడే దిగుతుంది. ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె మొక్క వైపు చూస్తానే ఉంది. మాలూరు దాటాక ఇక ఉండబట్టలేనట్టు ముందుకు వంగింది.

"యాడ తీసుకున్నావమ్మా ఇది?"

చెప్పాను.

"ఇది నిలిచే రంగు కాదమ్మా. గ్యాస్ పెట్టి ఆకుకి రంగు తెప్పిస్తారు. ఇంగ మూడు నెల్లకి కొత్తాకులన్నీ పచ్చగా వస్తాయి. నువ్వు ఏమో తప్పు చేసినాననుకొని బేజారు పడొద్దు. అందుకే చెప్తా ఉండాను."

నాకు కోపం వచ్చింది. అడగని మాట ఎందుకు చెప్పాలి? కిటికీ వైపు తిరిగాను. టేకల్ వచ్చింది, ఆమె దిగిపోయింది.

ఆమె చెప్పినట్టే అయింది. మొక్క బాగా పెరిగింది, ఏపుగానే ఉంది, కానీ వచ్చిన ప్రతి ఆకూ పచ్చగానే వచ్చింది. పాత గులాబీ ఆకులు ఒక్కొక్కటీ మాగి రాలిపోయాయి. ఆఖరి ఆకు రాలిన రోజు దాన్ని చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాను. ఆమె ముందే చెప్పకపోయి ఉంటే, నా ఇంటి చీకటికే అది రంగు పోగొట్టుకుందని తప్పకుండా అనుకునేదాన్ని. అట్లా అనుకోకుండా కాపాడింది ఆమె మాటే.

మరుసటి రోజు పొద్దున రైల్లో నా పక్కన చేతిసంచి పెట్టి సీటు ఆపాను. మారికుప్పం మొదటి స్టేషన్ కాబట్టి మాకు సీట్లు దొరుకుతాయి, టేకల్ వచ్చేసరికి నిలబడే చోటు కూడా ఉండదు. ఆమె ఎక్కగానే చెయ్యి ఊపాను.

"అక్కా, ఇక్కడ కూర్చోండి. పచ్చగా అయిపోయింది."

ఆమె పెద్దగా నవ్వింది. నవ్వి, కూర్చుని, నా చెయ్యి మీద తట్టింది. అట్లా మొదలైంది.

రెండు రోజుల తర్వాత గుడ్డ సంచిలోంచి తడి పేపర్లో చుట్టిన ఒక చిన్న పిలకను తీసి ఇచ్చింది. ఆకు అంచంతా గులాబీ, మధ్యలో ఆకుపచ్చ. అగ్లోనిమా అంటారని తర్వాత తెలిసింది. ఆమె మాత్రం లిప్‌స్టిక్ చెట్టు అనేది.

"ఇది పుట్టుకతోనే ఈ రంగు. గ్యాసు గీసు లేదు. కిటికీ కాడ పెట్టు, ఎండ నేరుగా పడనీయొద్దు. మన్నులో వేలు పెట్టి చూడు, ఎండినాకే నీళ్లు పొయ్యి. మీ ఊరి బోరు నీళ్లు ఉప్పు కదా, బకెట్లో పట్టి ఒక దినం నిలబెట్టు. వాన పడితే వాన నీళ్లు పట్టుకో, దానికన్నా మంచిది లేదు."

నేను నేర్చుకున్నదంతా ఇట్లా రైల్లోనే. నాలుగేళ్లు. పొద్దున పోయేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు. గులాబీ రంగు ఆకుకు వెలుతురు తగ్గితే రంగు మాసిపోతుందని, ఎక్కువైతే కాలిపోతుందని ఆమే చెప్పింది. ఆకులో పచ్చదనం తక్కువ కాబట్టి అది మెల్లగా తింటుంది, మెల్లగా పెరుగుతుంది, పచ్చ చెట్టుతో పోల్చి తొందర పెట్టకూడదు అని కూడా. కొనేటప్పుడు పై ఆకు కాదు, చిగురు చూడాలి. చిగురులోనే గులాబీ ఉంటే అది సొంత రంగు. ఆకు కింద తిప్పి చూడాలి, తెల్లటి పురుగు ఉంటే ఎంత అందంగా ఉన్నా అక్కడే పెట్టేసి రావాలి.

ఒకసారి మన్ను గుల్లగా ఉండాలంటే ఇసుక కలపమంది. నేను ఇంటి ఎదురుగా ఉన్న దిబ్బ నుంచి సన్నటి మన్ను తెచ్చి కలిపాను. పిండిలా మెత్తగా ఉందని మురిసిపోయాను కూడా. పది రోజుల్లో రెండు సింగోనియం మొక్కలు వేర్లతో సహా చచ్చిపోయాయి. అక్కతో చెప్తే తల మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో అమ్మా! కేజీఎఫ్‌లోనే పుట్టినావు, ఆ మన్నులో గడ్డి కూడా మొలవదని నీకు తెలీదా? ఏట్లో ఇసుక అంటే ఇంటి ముందర దిబ్బ తవ్వుకున్నావా?"

పెట్టెలో ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ పోయాక అంతమంది మధ్య నవ్వడం అదే మొదటిసారి అని సాయంత్రం ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఇంకోసారి కలేడియం ఇచ్చింది. గులాబీ రంగు కాగితం మీద ఎవరో పచ్చ సిరాతో ఈనెలు గీసినట్టు ఉంటాయి దాని ఆకులు. వానాకాలమంతా ఒకదాని మీద ఒకటి ఆకులు వేసింది. చలి మొదలు కాగానే వాలిపోయింది. వారంలో మొక్క మొత్తం మాయమై ఉత్త మన్ను మిగిలింది. ఆ పొద్దున రైల్లో ఆమెకు చెప్తూ ఏడ్చేశాను. ఒక మొక్క కోసం అంత ఏడుపు ఏమిటో నాకే తెలియలేదు. ఆమె నవ్వలేదు.

"పోలేదమ్మా. నిద్ర పోతా ఉండాది. లోపల గడ్డ ఉంటాది. నీళ్లు పొయ్యొద్దు, మంచం కిందికి నూకి మర్చిపో. ఎండలు ముదిరినాక తీసి తడుపు."

అట్లాగే చేశాను. వేసవిలో, మొదటి జల్లు పడిన వారానికి, మన్నులోంచి చుట్టుకున్న గులాబీ మొన ఒకటి లేచింది. ఆ రోజు రైలు టేకల్ చేరేదాకా కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరే నిలబడి ఆమె ప్లాట్‌ఫారం మీద కనపడగానే అరిచి చెప్పాను.

ఆమె తన ఇంటి గురించి కూడా చెప్పేది. "మా కాడ ఒక గోడంతా ఇవే అమ్మా. కింద లిప్‌స్టిక్ చెట్లు, పైన వేలాడేవి, పక్కన ఎర్ర కార్డిలైన్. పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిస్తే గోడంతా మెరుస్తాది." వింటూ నేను ఆ ఇంటిని మనసులో కట్టుకున్నాను. ఎర్ర గచ్చు, పెద్ద వసారా, పొద్దుటి ఎండ. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఒక్కదాన్నే అన్నం తినేటప్పుడు, ఇప్పుడు అక్క ఆకులు తుడుస్తూ ఉంటుంది అనుకునేదాన్ని. రమ్మని ఆమె ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. ఫోన్ నంబరు కూడా తీసుకోలేదు. రోజూ రెండు పూటలా కనపడే మనిషికి ఫోన్ ఎందుకు?

నాలుగో ఏడు మాఘమాసంలో ఒక శనివారం సాయంత్రం రైల్లో ఆమె కనపడలేదు, సోమవారం పొద్దున కూడా ఎక్కలేదు. జ్వరమేమో అనుకున్నాను. మంగళవారం ఎక్కలేదు. వారమంతా నా పక్కన సంచి పెట్టి సీటు ఆపుతూనే ఉన్నాను. టేకల్‌లో ఎక్కిన వాళ్లు ముందు బతిమాలారు, తర్వాత గొడవ పడ్డారు. "రాని మనిషికి సీటు ఎందుకమ్మా, మాకు కాళ్లు లేవా?" అంది ఒకామె. ఆమె మాట నిజమే. సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. టేకల్‌లో ఎక్కే ఒక్కొక్కరినీ అడిగాను. ముఖం తెలుసు గానీ ఇల్లు తెలియదన్నారు. పేరు అడిగితే నేనే చెప్పలేకపోయాను. నాలుగేళ్లు అక్కా అనే పిలిచాను.

మూడు వారాలు చూశాను. నాలుగో ఆదివారం చర్చి మానేసి, నా దగ్గర బాగా పెరిగిన అగ్లోనిమా నుంచి ఒక పిలక తీసి చిన్న కుండీలో నాటి, టేకల్ పోయాను. స్టేషన్ బయట టీ కొట్టు ఆయన్ని అడిగాను.

"బెంగళూరుకు పోయే పెద్దావిడ. సంచిలో చెట్లు పెట్టుకొని వచ్చేది."

"ఓ, ఆయమ్మా! కాలు విరిగింది కదా. చెరుకు గానుగ దాటినాక ఎడమ చెయ్యి పక్క, ఆవుల కొట్టం ఉండే ఇల్లు" అన్నాడు.

ఆ ఇల్లు ఆమె తమ్ముడిది. దాని పక్కన గోడకు ఆనించి వేసిన రేకుల గది ఆమెది. ముందు రాగిగడ్డి వామి, రెండు జెర్సీ ఆవులు, కట్టని మేకలు మూడు. గదికి కిటికీ లేదు. ఆమె నులక మంచం మీద కూర్చుని ఉంది, ఎడమ కాలికి మోకాలి దాకా కట్టు. నన్ను చూసి మొదట సంతోషించి, వెంటనే ముఖం కిందికి దించుకుంది.

నేను చుట్టూ చూశాను. గోడ కోసం చూశాను. గదిలో గానీ బయట గానీ ఒక్క మొక్క కూడా లేదు.

"కూర్చోమ్మా" అంది. తర్వాత ఆమే చెప్పింది.

"నేను బెంగళూర్లో ఒక పెద్ద ఆఫీసులో హౌస్ కీపింగ్ చేస్తా ఉంటి. కిందంతా చెట్లే, గోడ పొడుగునా. అవి తుడిచే పని నాది. చెట్లు బాడుగకిచ్చే వాడు నెలకొకసారి వచ్చి, కొంచెం వాడినవి తీసి పారేసి కొత్తవి పెట్టేవాడు. వాడే నాకు అన్నీ చెప్పినాడు, గ్యాసు సంగతి కూడా. పారేసేవాటిల్లో ప్రాణం ఉండే కొమ్మ చూసి తుంచుకొని నీకు తెస్తా ఉంటి. ఆ దినం పై వరస తుడుస్తా స్టూలు మీంచి పడినా. కాంట్రాక్టరు రెండు దినాలు చూసినాడు, ఇంగ రావద్దన్నాడు."

"మీ ఇంట్లో గోడ అన్నారు కదా అక్కా" అన్నాను. అనకుండా ఉంటే బాగుండేది.

"మా కాడ అన్నా. మా ఇంట్లో అనలేదు." నవ్వబోయి మానుకుంది. "అబద్దం చెప్పినా అనుకోవద్దు. పొద్దు పుట్టినప్పట్నుంచి పొద్దు గుంకే దాకా నేను ఉండింది ఆడనే కదా. ఈడ ఏమి పెట్టినా మేకలు నమిలేస్తాయి. లోపల పెడితే వెలుతురు లేదు. మొదట్లో రెండు మూడు తెచ్చి చూసినా, బతకలేదు. నువ్వు చెట్టు ఒళ్లో పెట్టుకొని కూర్చుంటివి చూడు, ఆ పొద్దు అనుకున్నా, ఈ పిల్ల ఇంట్లో అన్నా బతుకుతాయి అని."

నాకు ఆమె మీద కోపం రాలేదు. నాలుగేళ్లలో "అక్కా, మీరు ఏం పని చేస్తారు" అని ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తట్టింది. నా మొక్కలు, నా మన్ను, నా ఏడుపు, ఇవే మాట్లాడాను. ఆమె అరచేతుల నిండా పగుళ్లు ఉంటే, మట్టి పని చేసే చేతులు అనుకున్నాను. అది ఫినాయిలు తిన్న చర్మం.

తెచ్చిన కుండీని ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తోచలేదు. చివరికి వాకిలి పక్కన నీళ్ల డ్రమ్ము మూత మీద పెట్టాము, మేకలకు అందదని. ఆమె మరదలు కాఫీ తెచ్చి ఇచ్చి మొక్క వైపు చూసింది. "పూలు పూస్తాదా?" అని అడిగింది. పూయదని చెప్పాను. "మరి ఎందుకు?" అంది, మంచిగానే. వచ్చేటప్పుడు అక్క నంబరు అడిగాను. ఆమె దగ్గర ఫోన్ లేదు, మరదలు తన నంబరు చెప్పింది. ఆ మొక్క రెండు నెలలు ఉందట. తర్వాత ఒక మధ్యాహ్నం ఎండకు మాడిపోయిందట.

కాలు కుదురుకున్నాక ఆమె ఒకసారి మా ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున రైలుకు మారికుప్పంలో దిగింది. స్టేషన్‌కు ఎదురు పోయాను. కొంచెం కుంటుతూ, మధ్య మధ్య ఆగుతూ, నా భుజం పట్టుకుని నడిచింది. దారిలో దిబ్బను చూసి "ఇదేనా నువ్వు తవ్విన గుట్ట?" అని నవ్వింది.

గడపలోకి అడుగు పెట్టి అట్లాగే నిలబడిపోయింది. ముందు గదిలో కిటికీ చుట్టూ మెట్లు మెట్లుగా చెక్కలు కొట్టించి పెట్టాను. అప్పటికి ముప్పై దాకా కుండీలు. అగ్లోనిమాలు, సింగోనియంలు, సన్నటి ఈనెల ఫిట్టోనియాలు, గులాబీ చుక్కల ఆకులవి. ఆమె ఒక్కో దాని దగ్గరికీ పోయి, కొంగు తడి చేసుకుని ఆకులు తుడిచింది. వద్దన్నా వినలేదు.

"ఇది లిఫ్టు కాడ ఉండింది. ఇది రిసెప్షన్ పాప వెనక. ఇది..." ఆగి, ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది నేను పడిన దినం చేతిలో ఉండింది. మా తమ్ముడి చేత పంపిస్తి గదా నీకు, స్టేషన్‌లో ఎవురి చేతికో ఇచ్చి."

నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ మొక్క ఆమె అంతకు ముందు ఏడు ఇచ్చినదే. కానీ అవునక్కా అన్నాను.

రాగి సంగటి, కోడి పులుసు చేశాను. ఇద్దరం కిటికీ పక్కన కింద కూర్చుని తిన్నాము. ఆ ఇంట్లో రెండు పళ్లేలు పెట్టి ఎంత కాలమైందో. తిన్నాక ఆమె గోడకు ఆనుకుని కునుకు తీసింది. నేను గిన్నెలు కడగకుండా అక్కడే కూర్చున్నాను, చప్పుడవుతుందని.

"నాతో ఉండిపోండక్కా" అన్నాను ఆమె లేచాక. ముందుగా అనుకున్న మాట కాదు.

ఆమె కొంగు సర్దుకుంది. "సాయంత్రం పాలు పిండాలమ్మా. కూర్చొని చేసే పని అదొక్కటే నాకు ఉండాది. అదీ లేకపోతే తమ్ముడింట్లో నాకు ఏమి మర్యాద?" అంది. తర్వాత మెల్లగా, "నీ ఇంట్లో కూడా అంతే గదా. దినామూ కూర్చోబెట్టి పెడితే, నాకే బాగుండదు" అంది.

మధ్యాహ్నం రైలు ఎక్కించాను. ఇంటికొచ్చి పళ్లేలు కడిగాను. అమ్మ పోయిన రోజుల్లో కన్నా ఇల్లు ఎక్కువ ఖాళీగా అనిపించింది, మొక్కలు అన్ని ఉన్నా కూడా. ఆకులన్నీ తుడిచి ఉన్నాయి, నాకు చేయడానికి ఏమీ మిగలలేదు.

ఆ ఏడు చివర్లో తమ్ముడు ఆవులు అమ్మేశాడు. అక్క సుగటూరులో చెల్లెలి దగ్గరికి పోయింది. అక్కడ పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసి వేస్తుంది. సుగటూరు మీదుగా మా రైలు పోదు. పోయి రావాలంటే కోలారు దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. రెండుసార్లు పోయాను. పోయినప్పుడల్లా ఆమె పని మధ్యలో ఉంటుంది. పురుగులు ఆకు తినే కాలంలో ఎవరికీ తీరిక ఉండదు. పక్కన కూర్చుని నేనూ ఆకు తరిగి ఇచ్చాను. ఆమె సంతోషంగానే ఉంది. నేను లేచి బయలుదేరితే బస్టాపు దాకా రాలేకపోయింది, కాలు వాచి ఉంది.

ఇప్పుడు రైల్లో నా పక్కన చెవుల్లో వైర్లు పెట్టుకున్న ఒక అమ్మాయి కూర్చుంటుంది. మంచి పిల్ల. నేను ఒళ్లో మొక్క పెట్టుకుని ఉంటే కాస్త జరిగి చోటిస్తుంది, ఏమీ అడగదు. చర్చిలో పండుగకు వేదిక పక్కన పెట్టడానికి నా కుండీలు అడుగుతారు, ఇస్తాను. ఆరాధన అయ్యాక వెనక్కి తెచ్చుకుంటాను. ఇంటికి చూడడానికి ఎవరైనా వస్తే బాగుండనిపిస్తుంది గానీ రమ్మని పిలవడం నాకు చేతకాదు.

ఆదివారం సాయంత్రం అక్క చెల్లెలి ఫోన్ నుంచి ఫోన్ చేస్తుంది. ప్రతి ఆదివారం కాదు. పోయిన వారం చేసినప్పుడు, అగ్లోనిమా ఒకటి కొత్తాకు విప్పిందని చెప్పాను.

"ఏ మాదిరి పింకు?" అని అడిగింది.

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కిటికీ దగ్గరికి పోయాను. ఆకును వెలుతురులోకి తిప్పి, ఈనె పక్కన ఎట్లా ఉందో, అంచుకు వచ్చేసరికి ఎట్లా మారిందో చెప్పుకుంటూ పోయాను. మధ్యలో ఆమె పక్కనుంచి ఎవరో పిలిచారు, వస్తా అని చెప్పింది వాళ్లకు. పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"ఊ, చెప్పమ్మా. కింద తిప్పి చూసినావా?" అంది.